ప్రీయాంప్ (పవర్ యాంప్‌కి ముందు ఉండే చిన్న యాంప్) పవర్ సప్లై విప్పే ముందు

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. ప్లగ్ పీకినా చార్జ్ పట్టి ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లను 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టరుతో 15 సెకన్లు డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు.

బేస్ ముద్దగా, వెనక గుయ్‌మని హమ్ వస్తోందా? ముందు ఇంటి కరెంటు వోల్టేజి కొలవండి. అనంతపురంలో ఎండాకాలం సాయంత్రం 180 వోల్టులకు పడిందనుకోండి, 15-0-15 (మధ్య తీగకి అటూ ఇటూ 15 వోల్టులిచ్చే) ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 7815కి, అంటే ప్లస్ 15 వోల్టుల రెగ్యులేటర్‌కి, అందేది సుమారు 16 వోల్టులే. దానికి 17.5 కావాలి. ఆ సందులోంచే 100 హెర్ట్జ్ రిపుల్ (డీసీలో మిగిలిన హెచ్చుతగ్గులు) దూరుతుంది, హమ్ అదే. కెపాసిటర్లు ఎంత పెద్దవి వేసినా డబ్బు దండగే, 18-0-18 వేయండి. ఫిల్టర్లు 35 వోల్టులు, 105 డిగ్రీల వేడి తట్టేవి తీసుకోండి.

మైనస్ 15 వోల్టుల రెగ్యులేటర్ 7915 కాళ్ల వరస 7815 కంటే వేరు: మొదటిది గ్రౌండ్, నడిమిది ఇన్‌పుట్. వీపు రేకు కూడా ఇన్‌పుటే. మధ్యలో మైకా (కరెంటు పారనివ్వని పలుచని పొర) లేకుండా చాసిస్‌కి బిగిస్తే షార్టే.

తొలిసారి ఆన్ చేసేటప్పుడు పవర్ యాంప్ ఆపి ఉంచండి, స్పీకర్‌లోకి డీసీ వెళ్తే ఊఫర్ (బేస్ స్పీకర్) కాయిల్ మాడుతుంది.