పొలిమేర దాటి వేసే లేఅవుట్: అనుమతికి దరఖాస్తు, గ్రామం చేయవలసిన పరిశీలన

తెలంగాణలో ఒక తండా, గూడెం లేదా శివారు పల్లె గ్రామకంఠం అవతల ఉన్న సాగు భూమిని ఇళ్ల స్థలాలుగా మార్చి అమ్మదలచినవారు ఏ క్రమంలో అనుమతులు పొందాలో, ఆ ప్రతిపాదనను గ్రామ పంచాయతీ పాలకవర్గం, పక్క రైతులు ఏయే అంశాల మీద పరిశీలించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. దరఖాస్తుదారుకు ఒకటి, గ్రామానికి ఒకటి అని వేర్వేరు విధానాలు రాయనవసరం లేదని నా అభిప్రాయం. లేఅవుట్ మంచిచెడ్డలు దాని గేటు లోపల తేలవు. దాని రోడ్డు ఏ దారిలో కలుస్తుంది, దాని మీద కురిసిన వాన ఎవరి పొలంలోకి పోతుంది అన్న రెండు ప్రశ్నల దగ్గరే తేలతాయి. ఈ రెండింటికీ కాగితాల మీద కాక క్షేత్రంలో సమాధానం చూపగలిగిన దరఖాస్తు సాఫీగా కదులుతుంది. చూపలేని దరఖాస్తు ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఆగకుండా దాటిపోతే మాత్రం ఆ నష్టం ఊరు మోయవలసి వస్తుంది.

పరిధి తేల్చుకోవడం

గ్రామకంఠం అంటే రెవెన్యూ నక్షాలో నివాసాల కోసం విడిగా చూపిన పాత ఊరి స్థలం. దాని గీత దాటగానే ప్రతి చెక్కకూ ఒక సర్వే నంబరు, ఒక పట్టాదారు, సాగు భూమిగా ఒక వర్గీకరణ ఉంటాయి. కాబట్టి ఊరిని ఆనుకుని ఉన్నదే కదా అన్న కారణంతో గ్రామకంఠంలో ఇల్లు కట్టుకునే పద్ధతి ఇక్కడ వర్తించదు.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు చాలావరకు సొంత గ్రామ పంచాయతీలు అయ్యాయి. కానీ వాటి చుట్టూ ఉన్న అనేక సర్వే నంబర్లు నేటికీ పాత రెవెన్యూ గ్రామం పేరుతోనే నడుస్తున్నాయి. దరఖాస్తులో రెవెన్యూ గ్రామం పేరు, గ్రామ పంచాయతీ పేరు రెండూ స్పష్టంగా రాయకపోతే ఫైలు పొరుగు పంచాయతీకి వెళ్లి అక్కడ కూర్చునే ప్రమాదం ఉంది. ఆ తరువాత భూమి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ), కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ వంటి ఏదైనా అభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తుందో లేదో చూడాలి. వస్తే సాంకేతిక పరిశీలన ఆ సంస్థ చేస్తుంది, రాకపోతే పట్టణ, గ్రామీణ ప్రణాళిక సంచాలకుల విభాగం, అంటే అందరూ డీటీసీపీ అనే కార్యాలయం చేస్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. సాంకేతిక ఆమోదం లేకుండా సర్పంచి సంతకం, కార్యదర్శి ముద్ర మాత్రమే ఉన్న నక్షా లేఅవుట్ అనుమతి కాదు. ఇలాంటి ‘గ్రామ పంచాయతీ లేఅవుట్లు’ ఎన్ని పుట్టుకొచ్చాయో 2020 ఆగస్టు 31న జీవో 131తో వచ్చిన క్రమబద్ధీకరణ పథకం చూపింది. ఆ పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 26ను గడువు తేదీగా తీసుకున్నందున, ఆ తరువాత అనుమతి లేకుండా కోసిన కొత్త ప్లాట్లు ఆ పథకం నీడలోకి రావు.

భూమి చరిత్ర, నాలా ఉత్తర్వు

పాస్‌బుక్ చూపి ఊరుకోకుండా 1954-55 నాటి ఖాస్రా పహాణీ (పాత రెవెన్యూ భూమి రికార్డు) నుంచి నేటి భూభారతి ఆన్‌లైన్ రికార్డు వరకు లింకు తెగకుండా చూపాలి. 30 ఏళ్ల ఈసీ (భూమి మీది లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) జతచేయడం మంచిది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉంటే ముందుకు పోవడం వృథా. అసైన్డ్ భూమిని 1977 నాటి చట్టం ప్రకారం బదిలీ చేయడానికే వీల్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలోని గూడెం అయితే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ వల్ల గిరిజనేతరుల పేరిట జరిగే బదిలీ చెల్లదు కాబట్టి, అక్కడ బయటివారికి ప్లాట్లు అమ్మే ప్రతిపాదన మొదటి మెట్టు మీదే ఆగిపోవాలి. దేవాదాయ, వక్ఫ్, భూదాన్ భూములనూ ఇదే దశలో వడకట్టాలి.

భూమి స్వచ్ఛంగా ఉందని తేలాక సాగు నుంచి సాగేతర వినియోగానికి మార్పిడి, అంటే నాలా ఉత్తర్వు తీసుకోవాలి. దీనికి 2006లో వచ్చిన మూడో నంబరు చట్టం ఆధారం. నాలా ఉత్తర్వు వచ్చిందంటే లేఅవుట్ వేసుకోవచ్చని చాలామంది భావిస్తారు, బ్రోచర్లలో కూడా అలాగే అచ్చువేస్తారు. ఆ ఉత్తర్వు భూమి స్వభావాన్ని మారుస్తుందే తప్ప దానిని ప్లాట్లుగా కోసే హక్కును ఇవ్వదు. మాస్టర్ ప్లాన్ అమలులో ఉన్నచోట ఆ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందో లేదో విడిగా చూడాలి. లేకపోతే భూ వినియోగ మార్పిడికి వేరే దరఖాస్తు చేయాలి, దానికి ముసాయిదా ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో లేఅవుట్లకు 2017 నాటి నియమావళి విడిగా ఉంది కాబట్టి అక్కడివారు ఈ మెట్లను యథాతథంగా తీసుకోకూడదు.

నీటి దారి

పరిశీలనలో అత్యధిక శ్రద్ధ దీనికే దక్కాలి. పల్లె భూమిలో ప్రతి చెక్కా ఒక చెరువుకో కుంటకో లోబడి ఉంటుంది. కొంత శిఖం (చెరువు నీరు నిలిచే నేల), కొంత ఆయకట్టు (ఆ నీటితో సాగయ్యే నేల), మధ్యలో మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లే అలుగు) దూకిన నీరు పారే ఒర్రె, అంటే చిన్న వాగు. వేసవిలో చూస్తే ఆ ఒర్రె తుమ్మచెట్లు మొలిచిన పల్లంలా కనిపిస్తుంది, డోజరుతో ఒక పూటలో చదును చేయవచ్చు. ఆషాఢంలో అదే పల్లంలో నడుము లోతు నీరు పారుతుంది. అందువల్ల స్థల పరిశీలన ఎండాకాలంలో జరిగితే పక్క రైతులను పిలిచి, మత్తడి పారినప్పుడు నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తులతో సహా అడిగి నమోదు చేయాలి. ఆ రైతు చూపే గుర్తు ఏ ఉపగ్రహ చిత్రంలోనూ దొరకదు.

వదలవలసిన దూరాలను 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 నిర్దేశించింది. పురపాలక పరిధి వెలుపల నది సరిహద్దు నుంచి 100 మీటర్లు, 10 హెక్టార్లు, అంటే సుమారు 24 ఎకరాల 28 గుంటలు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు లేదా కుంట నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువ, వాననీటి నాలాల అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నని వాటి నుంచి 2 మీటర్లు వదలాలి. చెరువులు, కుంటల విషయంలో ఈ కొలతలు గట్టు నుంచి కాదు, పూర్తి నీటిమట్టం రేఖ నుంచి మొదలవుతాయి. ఆ రేఖను నీటిపారుదల, రెవెన్యూ శాఖలు గుర్తించి ఇచ్చిన నక్షాను దరఖాస్తుకు జతచేయాలి. దరఖాస్తుదారు సొంత సర్వేయరు గీసిన రేఖ సరిపోదు.

ఇలా వదిలిన బఫర్ స్థలాన్ని లేఅవుట్‌లోని ఖాళీ స్థలంలో భాగంగా లెక్కించేందుకు అదే జీవో అవకాశం ఇస్తుంది. అవకాశం ఉంది కదా అని పిల్లలు ఆడుకోవలసిన పార్కు మొత్తాన్ని కుంట అంచున బురదలోకి నెట్టే నక్షాలు వస్తుంటాయి. నిబంధన అక్షరానికి అవి సరిపోవచ్చు. అయినా ఖాళీ స్థలంలో ఎక్కువ భాగం ఇళ్ల మధ్యకు వచ్చేలా నక్షా మార్చమని పంచాయతీ రాతపూర్వకంగా కోరాలి.

వాననీటి కాలువ విషయంలో ఒకే ఒక్క చోటు చూస్తే చాలు: ఆ కాలువ లేఅవుట్ హద్దు దగ్గర ఎక్కడ ముగుస్తుంది? నక్షాలో చాలాసార్లు అది చివరి ప్లాటు పక్కన ఒక బాణం గుర్తుతో ఆగిపోతుంది. ఆ బాణం చూపే దిక్కున ఎవరిదో మూడెకరాల వరి మడి ఉంటుంది. సిమెంటు రోడ్లు, పైకప్పులు వచ్చాక నేలలోకి ఇంకవలసిన నీరంతా ఆ మడిలోకే దూకుతుంది. బాణం ఏ ఒర్రెలో లేదా ఏ తూములో కలుస్తుందో చూపే అడ్డుకోత నక్షా, ఆ మధ్యలో ప్రైవేటు భూమి ఉంటే దాని యజమాని రాసిచ్చిన సమ్మతి తేకుండా ఈ అంశం మీద సంతకం చేయకూడదు.

దారి

లేఅవుట్ లోపలి రోడ్లు ఎంత వెడల్పున్నా, ప్రభుత్వ రోడ్డు నుంచి అక్కడికి చేరే దారి హక్కుగా లేకపోతే ఆ ప్లాట్లకు విలువ లేదు. గ్రామ నక్షాలో చుక్కల గీతలతో చూపిన నక్షా బాటలు, బండ్ల బాటలు అందరివీ. కానీ అవి తరచుగా ట్రాక్టరు పట్టేంత వెడల్పు మాత్రమే ఉంటాయి, కొన్నిచోట్ల పక్క రైతులు కలిపేసుకోవడం వల్ల ఇంకా సన్నబడ్డాయి. బాటను వెడల్పు చేయడానికి ఇరుపక్కల పట్టా భూమి కావాలి. ఆ భూమిని కొని గ్రామ పంచాయతీ పేరిట రిజిస్టరు చేయించే బాధ్యత దరఖాస్తుదారుదే. ‘రైతులు ఇస్తామన్నారు’ అన్న మాటను షరతుగా రాసుకుని అనుమతి ఇస్తే, తరువాత ఆ దారి కోసం ఊరంతా కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది. కొత్త రోడ్డు కోసం పాత బాటను మూసి మరోవైపుకు మళ్లించే ప్రతిపాదన ఉంటే, వెనుక పొలాల రైతులందరికీ ముందుగా తెలియజేయాలి. వరికోత యంత్రం ఆ మలుపు తిరగగలదా లేదా అన్నది నక్షా మీద కాక అక్కడే నిలబడి చూడాలి.

దరఖాస్తు, తాత్కాలిక అనుమతి

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. 2020 చట్టంతో వచ్చిన టీఎస్‌ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం తరువాత 2025లో బిల్డ్‌నౌ వేదిక వచ్చింది. లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు గీసిన లేఅవుట్ నక్షా, ఎత్తుపల్లాలు చూపే స్థలాకృతి నక్షా, టిప్పన్ (సర్వే నంబరు హద్దుల కొలతలు చూపే సర్వే పత్రం), యాజమాన్య పత్రాలు, నాలా ఉత్తర్వు, సంబంధిత శాఖల నిరభ్యంతర పత్రాలు ఎక్కించి, లెక్క ప్రకారం వచ్చిన ఫీజు చెల్లించాలి. నక్షాలోని కొలతలకు, టిప్పన్ కొలతలకు, నేల మీది హద్దురాళ్లకు మధ్య తేడా ఉంటే అక్కడే కొర్రీ పడుతుంది. అందుకే దరఖాస్తుకు ముందే సర్వే చేయించి హద్దులు పాతుకోవడం వల్ల తరువాత ఎంతో సమయం కలిసివస్తుంది.

పరిశీలన పూర్తయ్యాక ఇచ్చేది తాత్కాలిక అనుమతి మాత్రమే. దాని ప్రకారం రోడ్లు, కాలువలు, మంచినీటి పైపులు, విద్యుత్ స్తంభాలు వేయాలి. ఆ పనులకు పూచీగా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం తనఖా పెట్టాలి. ఖాళీ స్థలంగా మొత్తం విస్తీర్ణంలో 10 శాతం వదలాలి. ఉదాహరణకు ఐదెకరాల లేఅవుట్ తీసుకుందాం. మొత్తం 24,200 చదరపు గజాలు, అందులో ఖాళీ స్థలం 2,420 గజాలు. రోడ్లకు 30 శాతం పోతుందనుకుంటే 7,260 గజాలు. ప్లాట్లకు మిగిలేది 14,520 గజాలు, అంటే 200 గజాల ప్లాట్లు 72. తనఖాకు వెళ్లేది 2,178 గజాలు, సుమారు 11 ప్లాట్లు. ఆ ప్లాట్ల నంబర్లు తనఖా దస్తావేజులో ఉంటాయి. కొనుగోలుదారులు ఈ నంబర్లను తప్పక చూడాలి, పాలకవర్గం వాటిని పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టడం ఎంతైనా మేలు.

గ్రామం మాట ఎలా చేర్చాలి

అభ్యంతరాన్ని నోటిమాటగా చెప్పి వదిలేయకుండా, సర్వే నంబరు, అంశం, ఆధారం రాసి పంచాయతీ కార్యదర్శికి ఒక ప్రతి, సాంకేతిక పరిశీలన చేసే కార్యాలయానికి ఒక ప్రతి ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ‘మా ఊరికి లేఅవుట్ వద్దు’ అన్న వాక్యానికి ఫైలులో బరువు ఉండదు. ‘ఫలానా సర్వే నంబరు గుండా మత్తడి నీరు పారే ఒర్రె నక్షాలో చూపలేదు, గ్రామ నక్షా నకలు జతచేశాము’ అన్న వాక్యానికి అధికారి జవాబు రాయక తప్పదు. ఊరి బోర్లు, రక్షిత మంచినీటి ట్యాంకు సామర్థ్యం, బడి, శ్మశానానికి వెళ్లే బాట కూడా ఈ విజ్ఞప్తిలో చేర్చదగిన అంశాలే. శ్మశాన బాట చాలా నక్షాల్లో కనిపించదు, కాబట్టి దానిని ప్రత్యేకంగా అడగాలి. నక్షా ప్రతి ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. సమాధానానికి గడువు 30 రోజులు.

తుది అనుమతి, అమ్మకం

పనులు పూర్తయ్యాక రోడ్లు, ఖాళీ స్థలాలను రిజిస్టరు చేసిన గిఫ్ట్ డీడ్ ద్వారా గ్రామ పంచాయతీకి అప్పగించాలి. అధికారులు తనిఖీ చేసి తుది లేఅవుట్ ఇచ్చిన తరువాతే తనఖా విడుదలవుతుంది. గిఫ్ట్ డీడ్‌లోని హద్దులను పాలకవర్గం నేల మీద కొలిపించి, ఆ స్థలానికి కంచె వేయించి, ఆస్తుల రిజిస్టరులో ఎక్కించాలి. పనులు సగంలో ఉండగానే తనఖా విడుదలకు సిఫార్సు చేస్తే, ఆగిన కాలువను తవ్వించడానికి పంచాయతీ చేతిలో ఇక ఏ పట్టూ మిగలదు.

భూమి 500 చదరపు మీటర్లు, అంటే ఐదు గుంటలకు కాస్త తక్కువ, దాటిన ప్రాజెక్టును 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం కింద నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వడం గానీ, బుకింగ్ తీసుకోవడం గానీ చేయకూడదు. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా ఉంటుంది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే ఖర్చు చేయాలి. ‘ప్రీ లాంచ్’ ధర పేరిట ఈ నమోదుకు ముందే డబ్బు కట్టించుకునేవారికి అడ్వాన్సు ఇవ్వకుండా, రెరా నమోదు సంఖ్య, తుది లేఅవుట్ నంబరు, తనఖా విడుదల ఉత్తర్వు చేతికి వచ్చాకే కొనుగోలు ఒప్పందం రాసుకోవాలి.