పింగ్ సరిగ్గా 1000 మిల్లీసెకన్లు చూపిస్తోందా?

లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్ రాస్తూ, ప్యాకెట్లు రావడం లేదని వెంటనే కోడ్ తెరవకండి. ముందు /ప్రాక్/ఇంటరప్ట్స్ ఫైల్‌లో మీ కార్డ్ వరుస చూడండి. కార్డ్ సీపీయూని పిలిచిన (అదే ఇంటరప్ట్) ప్రతిసారీ అక్కడి అంకె పెరుగుతుంది. రెండు సెకన్లు ఆగి మళ్లీ చూడండి.

అంకె కదలడం లేదా? ఇంటరప్ట్ సీపీయూ దాకా రావడం లేదు. ఎంఎస్ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్) అంటే కార్డ్ తనంతట తాను చేసే ఒక మెమరీ రైట్, అంతే. ప్రోబ్‌లో (కార్డ్‌ను మొదట సిద్ధం చేసే ఫంక్షన్) అలా రాసే అనుమతి ఇచ్చే పీసీఐ సెట్ మాస్టర్ మర్చిపోతే కార్డ్ నోరు కట్టేసినట్టే. అది ఉన్నా రాకపోతే, ఇంటరప్ట్‌లను ఆపిపెట్టే కార్డ్ మాస్క్ రిజిస్టర్ చూడండి.

అంకె పరుగులు పెట్టి ఉన్నట్టుండి ఆగిపోయిందా? డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) 'నోబడీ కేర్డ్' అని కనిపిస్తుంది. 1,00,000 ఇంటరప్ట్‌లలో 99,900కు పైగా 'నాది కాదు' అని హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే మీ ఫంక్షన్) వదిలేస్తే కెర్నల్ ఆ లైన్‌నే మూసేస్తుంది. స్టేటస్ రిజిస్టర్‌లో తప్పు బిట్ చదువుతున్నారేమో చూడండి. మెసేజ్ పోవాలని ప్రతిసారీ 'హ్యాండిల్డ్' అని తిప్పి పంపేవాళ్లున్నారు. అప్పుడు మెసేజ్ పోతుంది, సీపీయూ కూడా పోతుంది.

అసలు ఏడిపించేది మూడోది: అంకె పెరుగుతూనే ఉంటుంది, పని మాత్రం నత్తనడక. మారతహళ్లిలో మా ల్యాబ్‌లో ఇదే జరిగింది. "అన్నా, కేబుల్ మార్చా, స్విచ్ మార్చా. కోడ్‌లో ప్రింట్‌కే లాగ్ లైన్ పెడితే బాగానే ఉంటోంది, తీసేస్తే మళ్లీ అంతే" అన్నాడు మా గుంటూరు కుర్రాడు. స్క్రీన్ మీద పింగ్ 1000, 1001, 1000. నెట్‌వర్కే నెమ్మదైతే అంకెలు అటూ ఇటూ ఊగాలి. పింగ్ వెళ్లేది సెకనుకొకటి కదా, వచ్చిన జవాబు రింగ్‌లో (ప్యాకెట్లు దిగే మెమరీ వరుస) ఇరుక్కుని, తర్వాతి పింగ్ పంపినప్పుడు వచ్చే ఇంటరప్ట్‌తో బయటపడుతోంది. ప్రింట్‌కే పెడితే బాగుపడిందంటే టైమింగ్ తేడా అన్నమాట. ఇలాంటిచోట ట్రేస్ ప్రింట్‌కే నయం, అంతగా ఆలస్యం చేయదు.

తప్పు నాపి పోల్ చివర్లో దొరికింది. ఇంటరప్ట్‌ను మాస్క్ చేసి (ఆపి), రింగ్‌లోంచి ప్యాకెట్లు తీసే ఫంక్షన్ అది. రింగ్ ఖాళీ అని చూసి, పని అయిపోయిందని నాపి కంప్లీట్ డన్ పిలిచి, ఇంటరప్ట్ ఆన్ చేస్తున్నాం. ఖాళీ అని చూశాక, ఆన్ చేసేలోపు ఒక ప్యాకెట్ దిగుతోంది. మాస్క్‌లో ఉండగా వచ్చినదాన్ని ఆ కార్డ్ గుర్తుపెట్టుకోదు. అందుకే ఆన్ చేశాక రింగ్‌ను ఇంకోసారి చూసి, ప్యాకెట్ ఉంటే మళ్లీ మాస్క్ చేసి పోల్ మళ్లీ నడిచేలా నాపి షెడ్యూల్ పిలిచాం. నాలుగు లైన్లు. పింగ్ 0.2కి దిగింది.

'ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్' అని వాచ్‌డాగ్ అరుస్తుంటే, పంపే రింగ్ వైపు కూడా ఇదే సందు ఉందేమో చూడండి.