బెంగళూరు మట్టిబాటలకు మౌంటెన్ బైక్ టైర్లు: ముందుకు ఒకటి, వెనుకకు ఒకటి

ఆదివారం తెల్లవారుజామున కనకపుర రోడ్డు మీదుగా తురహళ్ళి అడవి వైపు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవారికి గంటసేపట్లోనే నాలుగు రకాల నేల ఎదురవుతుంది. ముందు తారు రోడ్డు, తరువాత బండ్ల చక్రాలు నలిపిన మెత్తని ఎర్రదుమ్ము, ఆపైన గట్టి నేల మీద ఆవాలు చల్లినట్టు పరుచుకున్న సన్నని గులక, చివరికి ఏటవాలుగా పైకి లేచిన పరుపుబండ. వీటిలో ఏ ఒక్క దానికోసం చేసిన టైరైనా మిగిలిన మూడింటి మీద ఏదో ఒక లోటు చూపిస్తుంది. అందువల్ల అన్నింటికీ పనికివచ్చే టైరు ఏది అని వెతికేకన్నా, ముందు టైరు ఏ చోట మనల్ని నిలబెట్టాలి, వెనుక టైరు మనల్ని ఎంత దూరం మోయాలి అని విడివిడిగా ఆలోచించడం మేలు. రెండింటికీ జవాబులు వేరు కాబట్టి రెండు చక్రాలకూ ఒకే టైరు ఉండవలసిన అవసరం లేదు.

దుకాణానికి వెళ్ళే ముందు, గడిచిన పది సవారీలను ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతి సవారీలో తారు రోడ్డు ఎంత, గట్టి మట్టి ఎంత, రాయి ఎంత, ఇసుక ఎంత అన్నది ఉజ్జాయింపుగా వేసుకుంటే చాలు. మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉంటూ, యలహంక దాటి అవలహళ్ళి అడవి దాకా సైకిలు మీదే వెళ్ళివచ్చే తెలుగు మిత్రులు ఈ లెక్క వేసుకుంటే, తొక్కిన దూరంలో ఎక్కువ భాగం తారు రోడ్డేనని తేలుతుంది. కారు వెనుక సైకిలు కట్టుకుని అడవి అంచు దాకా వెళ్ళేవారి లెక్క పూర్తిగా వేరుగా ఉంటుంది. ఈ ఇద్దరూ ఒకరి సలహా మీద ఒకరు టైర్లు కొంటే ఇద్దరూ నష్టపోతారు.

కాలాన్ని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. బెంగళూరులో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నేల ఎండి, గట్టిపడి, పైన దుమ్ము, గులక తేలి ఉంటుంది. జూన్ నుంచి ముసురు పడినా, గట్టి వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి. అప్పుడు ఎర్రమట్టి టైరుకు బంకలా పట్టుకుంటుంది కానీ, ఒకటి రెండు రోజులు ఎండ కాస్తే అదే నేల ఏడాది మొత్తంలోకీ మంచి పట్టు ఇస్తుంది. కేవలం బురద కోసం చేసిన, పొడవాటి బుడిపెలు దూరదూరంగా ఉండే టైరు మన ప్రాంతంలో కొనవద్దని నా సలహా. పరుపుబండ మీద ఆ పొడవాటి బుడిపెలు వంగిపోయి పట్టు తప్పుతాయి. పైగా, బాట బురదగా ఉన్నప్పుడు తొక్కితే చక్రాలు చేసిన గాడుల్లో మరుసటి వాన నీరు పారి బాటే కోసుకుపోతుంది. ఆ రెండు రోజులు ఆగడం బాటకూ మంచిది, మనకూ మంచిది.

ముందు టైరుకు ఎక్కువ పట్టు, వెనుక టైరుకు ఎక్కువ పరుగు అన్నది ఈ ఎంపికకు మూలసూత్రం. వెనుక చక్రం జారితే సైకిలు తోక కాస్త పక్కకు తిరుగుతుంది, ఒళ్ళు సర్దుకుని తేరుకోవచ్చు. ముందు చక్రం జారితే ఆ వ్యవధి ఉండదు. కొన్నేళ్ళ కిందట ఒక దుకాణంవారు మంచి టైరును వెనుకకు వేసి, అరిగినదాన్ని ముందుకు మార్చి ఇచ్చారు. వెనుక టైరే తొందరగా అరుగుతుంది కాబట్టి కొత్తది అక్కడ ఉండాలన్నది వారి వాదన. ఆ వారమే సన్నని గులక ఉన్న ఒక మలుపులో ముందు చక్రం జారి, ఎడమ మోచేయి మూడు వారాలు కట్టులో ఉంది. ఆ రోజు నుంచి కొత్త టైరు ఏదైనా ముందు చక్రానికే వేస్తున్నాను.

టైరు మీది బుడిపెలను చదవడం నేర్చుకుంటే పెట్టె మీద రాసిన పొగడ్తలతో పని ఉండదు. నడిమి వరుసలోని బుడిపెలు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటే టైరు గట్టి నేల మీద తేలికగా దొర్లుతుంది. అవే పొడవుగా, ఎడంగా ఉంటే వదులు మట్టిలో దిగబడి పట్టుకుంటాయి, రోడ్డు మీద మాత్రం గుర్రుమని శబ్దం చేస్తూ కాళ్ళ శక్తిని తినేస్తాయి. నడిమి బుడిపెల ముందు అంచు ఏటవాలుగా కోసి ఉంటే అది పరుగు కోసం, వెనుక అంచు నిటారుగా ఉంటే అది బ్రేకు పట్టు కోసం. అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినవి అంచు బుడిపెలు. మలుపులో సైకిలు వాలినప్పుడు మన బరువంతా వాటి మీదే పడుతుంది. బొటనవేలితో గట్టిగా పక్కకు నొక్కి చూడండి, ఇట్టే వంగిపోయేవి రాతి మీద నమ్మదగినవి కావు. బుడిపెల మీద ఉండే సన్నని గాట్లు రబ్బరు విచ్చుకుని రాతి గరుకును పట్టుకోవడానికి ఉపయోగపడతాయి కనుక, తురహళ్ళి వంటి బండల చోట వాటికి విలువ ఉంది.

కొలతల్లో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. టైరు పక్కన 57-622 వంటి అంకె ఉంటుంది. అందులో మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 26 అంగుళాల చక్రానికి 559, 27.5కు 584, 29కి 622 ఉండాలి. రిమ్ము లోపలి వెడల్పు 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్న పాత సైకిళ్ళకు 2.1 నుంచి 2.25 అంగుళాల టైరు, 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉన్నవాటికి 2.25 నుంచి 2.4 అంగుళాల టైరు బాగా అమరుతుంది. సన్నని రిమ్ముకు మరీ వెడల్పు టైరు వేస్తే అది బుడగలా ఉబ్బి, మలుపులో పక్కకు ఒరుగుతుంది. వెనుక ఫ్రేముకూ టైరుకూ మధ్య ఖాళీ సరిపోతుందో లేదో చూడడానికి 6 మిల్లీమీటర్ల అలెన్ కీ అన్ని వైపులా దూరుతుందా అని చూస్తే చాలు. దూరకపోతే బురద రోజున చక్రం ఇరుక్కుంటుంది.

ఇక ముళ్ళ సంగతి. మన పొలం గట్ల మీద కాళ్ళకు గుచ్చుకునే పల్లేరుకాయలు ఇక్కడి బాటల పక్కన కూడా ఉన్నాయి. వాటికి తోడు తుమ్మముళ్ళు, సర్కారు తుమ్మ కంపలు. ట్యూబులు వేసుకుని ఎండాకాలంలో చెరువు గట్ల వెంట తిరిగితే పంక్చరు లేకుండా ఇల్లు చేరడం కష్టం. మందపాటి కేసింగు, అంటే రబ్బరు కింది దారాల అల్లిక, ఉన్న టైరు కొంత ఆపుతుంది కానీ, ముళ్ళకు అసలైన మందు లోపల ట్యూబు లేకుండా వేసే ట్యూబ్‌లెస్ టైరు, అందులో పోసే, చిల్లులను మూసేసే సీలెంట్ ద్రవం. మీ రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌కు తగినవైతే ఆ ఖర్చు పెట్టడానికి వెనుకాడవద్దు. 29 అంగుళాల టైరుకు సుమారు 100 మిల్లీలీటర్ల సీలెంట్ పోసి, రెండు మూడు నెలలకొకసారి చూసి మళ్ళీ నింపాలి, ఎండాకాలంలో ఇంకా ముందే ఆరిపోతుంది. కేసింగు విషయంలో ఒక్క మాట. అంగుళానికి 120 దారాలున్న టైరు మెత్తగా, తేలికగా ఉంటుంది, 60 దారాలది బరువైనా రాళ్ళ రాపిడికి ఓర్చుకుంటుంది. అయితే సైడ్‌వాల్‌కు, అంటే టైరు పక్క గోడకు, అదనపు రక్షణ పొర ఉందా లేదా అన్నది దారాల లెక్కకన్నా ముఖ్యం. బండల మధ్య తొక్కేవారు వెనుక టైరుకైనా ఆ పొర ఉండేలా చూసుకోవాలి.

రబ్బరు మిశ్రమం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మెత్తని రబ్బరు ముందుకు, గట్టి రబ్బరు వెనుకకు. మెత్తనిది రాతిని బాగా పట్టుకుంటుంది, తారు రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది.

వేల రూపాయలు పెట్టి కొన్న టైరును కూడా పాడుచేసేది గాలి. రోడ్డు సైకిలు అలవాటుతో చాలామంది మౌంటెన్ బైక్ టైరులోనూ 45, 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కన గాలి ఒత్తిడి) కొట్టించుకుంటారు. అంత గాలితో టైరు రాయిలా బిగుసుకుని ప్రతి గులకరాయి మీదా ఎగురుతుంది. అలా ఎగిరిన ప్రతిసారీ సైకిలునూ మనిషినీ పైకెత్తడానికి ఖర్చయ్యేది మన కాళ్ళ శక్తే. గాలి తగ్గితే టైరు ఆ రాయి చుట్టూ ఒదిగి, దాన్ని తనలోకి తీసుకుని సాగిపోతుంది, నేలకు ఎక్కువ రబ్బరు ఆనుతుంది. 70 కిలోల మనిషికి 2.25 నుంచి 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లలో ముందు 20 నుంచి 22, వెనుక 23 నుంచి 25 పీఎస్ఐతో మొదలుపెట్టవచ్చు. ట్యూబులు ఉంటే మరో నాలుగైదు కలపాలి, లేకపోతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. బరువును బట్టి ఈ అంకెలు కాస్త అటూఇటూ మారతాయి. మీకు తెలిసిన ఒక చిన్న బాటను ఎంచుకుని, ప్రతి చుట్టుకూ 2 పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ తొక్కండి. రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినిపించినా, మలుపులో టైరు పక్కకు ఒరిగినట్టు అనిపించినా అక్కడ ఆగి 2 పెంచండి. పెట్రోలు బంకు గేజి కార్ల కోసం పెట్టినది, ఇంత తక్కువ గాలిలో ఒకటి రెండు అంకెల తేడాను నమ్మకంగా చెప్పదు. సన్నని ప్రెస్టా వాల్వుకు అక్కడి గొట్టం అడాప్టరు లేకుండా పట్టదు కూడా. సొంత డిజిటల్ గేజి ఒకటి కొనుక్కుని, ఎప్పుడూ దానితోనే చూసుకోండి.

పేర్లు చెప్పమంటే, కారులో వెళ్ళి బండల మీద, నిటారు దిగుడుల్లో ఎక్కువసేపు గడిపేవారికి ముందు మాక్సిస్ మినియన్ డీహెచ్ఎఫ్, వెనుక మాక్సిస్ రీకాన్ జత సరిపోతుంది. ఇంటి నుంచే తొక్కుకుంటూ వెళ్ళి, రోడ్డూ బాటా దాదాపు సగం సగంగా తిరిగేవారికి ముందు ష్వాల్బె నాబీ నిక్ కానీ మాక్సిస్ ఫోర్‌కాస్టర్ కానీ, వెనుక రీకాన్ కానీ విట్టోరియా మెజ్కాల్ కానీ బాగుంటాయి. ఫోర్‌కాస్టర్ బుడిపెల అమరికను 2022లో మార్చారు కాబట్టి పాత సరుకు చేతికి రాకుండా చూసుకోండి. రోడ్డే ఎక్కువగా ఉండి, చివర కాస్త మట్టిబాట తొక్కేవారు ముందు విట్టోరియా బార్జో, వెనుక మెజ్కాల్ వేసుకోవచ్చు. ఒక్క జత మాత్రమే కొనగలనన్నవారికి నేను సగం సగంగా తిరిగేవారికి చెప్పిన జతనే చూపిస్తాను, ఏడాదిలో పది నెలలు ఇక్కడి నేల దానికి అనుకూలం. డబ్బు ఒక్క టైరుకే ఉంటే ముందుది మార్చి, వెనుకది మరో ఆరు నెలలు లాగించండి.

బిగించేటప్పుడు టైరు పక్కన బాణం గుర్తు చూసి, చక్రం తిరిగే దిశలో పెట్టాలి. కొత్త రబ్బరు మీద అచ్చులో పూసిన జారుడు పొర ఉంటుంది కనుక మొదటి నాలుగైదు కిలోమీటర్లు వేగంగా మలుపులు తిరగవద్దు. ఆ తరువాత నెలకొకసారి అంచు బుడిపెల మొదళ్ళు చూస్తూ ఉండండి, అక్కడ చీలికలు కనిపిస్తే బుడిపె ఎత్తు ఎంత మిగిలినా ఆ టైరును ముందు ఉంచకూడదు. నడిమి బుడిపెల గాట్లు మాసిపోయిన వెనుక టైరును తీసేసి, ముందుది చీలికలు లేకుండా ఉంటే దాన్ని వెనుకకు మార్చి, కొత్తది ముందు వేసుకోవాలి. సీలెంట్ పోసిన తేదీని చిన్న కాగితం మీద రాసి వాల్వు పక్కన రిమ్ముకు అంటించుకుంటే, మళ్ళీ ఎప్పుడు నింపాలో వెతుక్కోనక్కరలేదు.