భూమి లోపల సాంద్రత – 3వ పాఠం: తూచడం, పోల్చడం

కిందటి పాఠంలోని అంకెలు మళ్లీ ఒకసారి: ఘన సెంటీమీటరుకు ఖండ భూపటలం (ఖండాల కింది గట్టి పైపొర) సుమారు 2.7 గ్రాములు, సముద్ర భూపటలం 2.9, వాటి కింద ప్రావారం (మాంటిల్, మందపాటి రాతి పొర) 3.3. ఈసారి సాంద్రతను మనమే కొలుద్దాం.

గ్రాము తేడా చూపే డిజిటల్ కాటా, గిన్నెడు నీళ్లు, సన్న దారం చాలు. ముందు పొడి రాయిని తూచండి. తర్వాత నీళ్ల గిన్నెను కాటా మీద పెట్టి టేర్ నొక్కి సున్నా చేయండి. రాయిని దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపే గ్రాములే ఘన సెంటీమీటర్లలో రాయి ఘనపరిమాణం. 270 గ్రాముల రాయికి 100 వస్తే సాంద్రత 2.7, గ్రానైట్ కావచ్చు. 93 వస్తే 2.9, బసాల్ట్ (సముద్ర భూపటలంలోని నల్లటి రాయి) వైపు.

200 గ్రాములకు తగ్గిన రాయి వద్దు. 50 గ్రాముల రాయికి 18 వస్తుందనుకోండి. ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే ఫలితం 2.6 నుంచి 2.9 దాకా ఊగుతుంది, గ్రానైటో బసాల్టో తేలదు. రాయి అడుగుకు ఆనినా, రంధ్రాల్లో గాలి చిక్కినా సాంద్రత తక్కువగా వస్తుంది.

ఇక అసలు చిక్కు. ప్రావారం పైన 3.3, అట్టడుగున దాదాపు 5.6. అయినా అడుగున వేడెక్కిన రాయి పైకి లేస్తుంది. మరి అంత బరువైనది పైకెలా వస్తుంది? చాలామంది తడబడేది ఇక్కడే. ఆ పెరుగుదల ప్రధానంగా ఒత్తిడి వల్ల వచ్చింది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి రాయి మళ్లీ వ్యాకోచిస్తుంది. అందుకే ఎప్పుడూ అదే లోతులో పక్కనున్న రాతితోనే పోల్చాలి. పై ప్రావారంలో 100 డిగ్రీల వేడి ఎక్కువైతే సాంద్రత 0.3 శాతం తగ్గుతుంది, అంటే 3.30 కాస్తా 3.29. ఇంతేనా అనిపిస్తుంది. కానీ వందల కిలోమీటర్ల మేర ఉన్న రాతికి ఆ కాస్త తేడాయే చాలు, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు కదులుతుంది. అదీ కరగకుండా, గట్టి రాయిగానే.

మునగడం దీనికి తిరగేసిన లెక్క. సముద్ర పలక చల్లబడి బరువెక్కి దిగుతుంది. లోతులో దాని బసాల్ట్ ఎక్లోజైట్ అనే ఇంకా సాంద్రమైన రాయిగా మారి 3.5 దగ్గరికి చేరాక, వెనకున్న పలకను కూడా లాగుతుంది.

అభ్యాసం: 3 కిలోమీటర్ల ఎత్తున్న పర్వతం ప్రావారం మీద తేలాలంటే భూపటలం అడుగున ఎంత అదనపు వేరు (ప్రావారంలోకి దిగిన భాగం) కావాలి? ఎత్తును 2.7తో హెచ్చించి, 3.3కూ 2.7కూ ఉన్న తేడాతో భాగించండి. 13.5 కిలోమీటర్లు రావాలి. 2.45 వచ్చిందంటే తీసివేత మరిచిపోయి 3.3తోనే భాగించారు.