లైవ్ రాక్ వేశాక ట్యాంక్ తేడాగా ఉందా? ఏం కనిపిస్తే ఏం చేయాలి

ఉప్పునీటి ఆక్వేరియం కొత్తగా పెట్టినవాళ్లు లైవ్ రాక్ వేసిన వారం పది రోజులకే టెన్షన్ పడిపోతుంటారు. నీళ్లు మసకబారాయని, కంపు వస్తోందని, రాయి మీద ఏదో పాకుతోందని. వీటిలో కొన్ని అసలు సమస్యలే కావు. మిగతావి చాలావరకు దాన్ని మామూలు రాయి అనుకోవడం వల్ల వచ్చేవి. అది పగడాలు వదిలిన సున్నపు గూడు. దాని సందుల్లో బాక్టీరియా, స్పాంజీలు, పురుగులు, పాచి కాపురం ఉంటాయి. నీళ్లలోంచి తీసి, పెట్టెలో పెట్టి, దూరం తీసుకొస్తే వాటిలో కొన్ని దారిలోనే చనిపోతాయి.

కంపు వస్తోంది, అమ్మోనియా పెరిగింది

కారణం: రాయిలో చనిపోయిన జీవులు కుళ్లుతున్నాయి.

ముందు రాయిని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడండి. బాగున్న రాయి సముద్రపు ఒడ్డున వచ్చే వాసన వేస్తుంది. కుళ్లుతున్న రాయి కోడిగుడ్డు మురిగిన కంపు కొడుతుంది. తర్వాత వెలుతురులో తిప్పి చూడండి. బూడిద రంగులోనో తెల్లగానో జిగురుగా, వేలితో నొక్కితే మెత్తగా ఊడొచ్చే మచ్చ ఉంటే అది చచ్చిన స్పాంజీ. బకెట్లో ఉప్పునీళ్లు పోసి, వాడని టూత్‌బ్రష్‌తో అక్కడ మాత్రమే రుద్ది తీసేయండి. కుళాయి కింద పెట్టి కడగొద్దు. మంచినీళ్లు తగిలితే బతికున్నవీ పోతాయి.

ఆ తర్వాత రాయిని వేరే టబ్‌లో క్యూరింగ్‌కి పెట్టాలి, అంటే చచ్చినవన్నీ కుళ్లిపోయి నీళ్లు శుభ్రపడేదాకా విడిగా ఉంచాలి. ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 25, 26 డిగ్రీలు, నీళ్లు బాగా తిరగడానికి ఒక పవర్‌హెడ్ (నీళ్లలో పెట్టే చిన్న పంపు). లైటు అక్కర్లేదు, వేస్తే పాచి పడుతుంది. కంపు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ వారానికి ఒకసారైనా సగం నీళ్లు మార్చండి. మామూలుగా 3 నుంచి 6 వారాలు పడుతుంది. క్యాలెండర్ చూసి కాదు, టెస్ట్ కిట్ చూసి ఆపాలి. అమ్మోనియా, దాన్ని బాక్టీరియా మారిస్తే వచ్చే నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి, కొన్ని రోజులు అక్కడే నిలబడాలి. మధ్యలో అమ్మోనియా దిగినా నైట్రైట్ దిగదు, అప్పుడు కంగారు పడొద్దు. నైట్రైట్‌ని మార్చే బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది, అంతే.

చేపలు పైకొచ్చి రొప్పుతున్నాయి

క్యూరింగ్ కాని రాయిని చేపలున్న ట్యాంక్‌లో వేస్తే ఇలాగే అవుతుంది. నేనూ మొదట్లో చూడటానికి ఊదారంగులో అందంగా ఉందని ఒక రాయి తెచ్చి నేరుగా వేసేశాను. మూడో రోజుకి రెండు క్లౌన్ చేపలు పోయాయి. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా పెరుగుతుంది. అందుకే మంచినీళ్ల ట్యాంక్‌లో తట్టుకునే మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

చేయాల్సింది: రాయిని వెంటనే బయటికి తీసి టబ్‌లో వేయండి. అదే ఉప్పు, అదే వేడి ఉన్న కొత్త నీళ్లతో సగం దాకా మార్చండి. గాలి పెంచండి. రెండో ట్యాంక్ ఉంటే చేపల్ని అందులోకి మార్చడం ఇంకా మంచిది.

గోధుమరంగు పొర, ఆకుపచ్చ పీచు

గోధుమరంగు పొర డయాటమ్‌లనే సూక్ష్మమైన పాచిది. కొత్త ట్యాంక్‌లో ఇది వస్తుంది, సాధారణంగా కొన్ని వారాల్లో పోతుంది. ఆర్ఓ డీఐ నీళ్లు (లవణాలన్నీ వడగట్టేసిన శుద్ధమైన నీళ్లు) వాడితే త్వరగా తగ్గుతుంది. పీచులా పెరిగే పాచి మాత్రం నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైందని చెబుతుంది. చేత్తో పీకేయండి, మేత తగ్గించండి, లైటు గంటలు తగ్గించండి.

ఊదారంగు పోయి తెల్లబడింది

ప్రయాణంలో ఎండిపోయో, ఉప్పు వేడి తేడాల వల్లో పైన ఊదారంగు ఇచ్చే కోరలైన్ పాచి చచ్చింది. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాచే గుణం) 8 నుంచి 12 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) మధ్య నిలకడగా ఉంచితే నెలల్లో మళ్లీ పడుతుంది. తొందరపెట్టే మార్గం లేదు.

చిన్న తాటిచెట్టులాంటివి మొలుస్తున్నాయి

పారదర్శకంగా, లేత గోధుమరంగులో, తాకబోతే చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుంటే అది ఎయిప్టేషియా, కుట్టే గుణమున్న సీ అనిమోన్ జాతి జీవి. ఒకటి కనిపించినప్పుడే పని పట్టాలి, తర్వాత అది పదులవుతుంది. పీకొద్దు, నలపొద్దు. అడుగున మిగిలిన చిన్న ముక్క కూడా కొత్త మొక్కలా లేస్తుంది. పంపు ఆపి, చిక్కగా కలిపిన కాల్క్‌వాసర్ (కాల్షియం హైడ్రాక్సైడ్ సున్నం) ముద్దని సిరంజితో దాని నోటి మీద మెల్లగా వదలండి. కళ్లద్దాలు, గ్లవ్స్ పెట్టుకోండి. ఒక రోజులో రెండు మూడింటికి మించొద్దు, పీహెచ్ ఎగబాకుతుంది. ఎక్కువగా ఉంటే పెప్పర్‌మింట్ రొయ్యల్ని వదలొచ్చు. అయితే అన్ని రొయ్యలూ తినవు.

ఇక్కడే కొందరు "రాయిని ఉడకబెట్టేయ్, అన్నీ చస్తాయి" అంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టొద్దు. రాయి మీద పాలిథోవా అనే, పగడాలకు దగ్గరి జాతి జీవి ఉంటే దానిలోని పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఆవిరితో గాల్లోకి లేస్తుంది. అలా ఇంట్లోవాళ్లంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. పైగా అమ్మోనియాని మార్చే ఏ బాక్టీరియా కోసం మనం రాయి తెచ్చామో అదీ పోతుంది.

రాత్రి టప్ టప్ అని చప్పుడు, రాయిలో పురుగులు

చప్పుడు పిస్టల్ రొయ్యదైతే వదిలేయండి. చేపలో పీతలో మాయమవుతుంటే మాంటిస్ రొయ్య అయి ఉంటుంది. చప్పుడు వచ్చే రాయిని బకెట్లోకి తీసి, రంధ్రంలో మామూలుకన్నా ఎక్కువ ఉప్పున్న నీళ్లు పోయండి, సాధారణంగా బయటికొస్తుంది. చేతులు పెట్టొద్దు, కొడితే వేలు చీలుతుంది. ఒళ్లంతా ముళ్లున్న బ్రిసిల్ పురుగులైతే చాలావరకు మేలే చేస్తాయి, మిగిలిపోయిన మేత తింటాయి. గ్లవ్స్ లేకుండా మాత్రం ముట్టుకోవద్దు.

రాళ్లు కూలాయి

ఇసుక మీద పేర్చినందుకు. ఇసుక తవ్వే చేపలు, రొయ్యలు అడుగు ఖాళీ చేసేస్తాయి. రాళ్లని ముందు గాజు అడుగున ఆనించి, ఒక్కోదాన్నీ చేత్తో ఊపి చూసి, కదలకపోతేనే పైది పెట్టండి. ఇసుక ఆ తర్వాత. వెనక గాజుకి నాలుగు వేళ్ల ఎడం ఉంచితే నీళ్లు తిరుగుతాయి, అద్దం తుడవడానికీ వీలుగా ఉంటుంది.

ఆరు నెలల తర్వాత ఇంకో రాయి తెచ్చినా ముందు టబ్‌లో వేయండి. క్యూరింగ్ అయిందని అమ్మినవాళ్లు చెప్పినా సరే, రెండు వారాలు అక్కడే ఉంచి రోజు మార్చి రోజు అమ్మోనియా చూడండి.