గులాబీ మొక్కను పువ్వు చూసి కొనకండి

చలికాలం మొదలవుతూనే నర్సరీల ముందు గులాబీలు విరబూసి కనిపిస్తాయి. కొనేవారిలో చాలామంది రంగు నచ్చిన మొక్కను ఎంచుకుని ఇంటికి తెచ్చుకుంటారు, రెండు నెలలు గడిచేసరికి కొమ్మలు నల్లబడి ఎండిపోతున్నాయని బాధపడతారు. పువ్వు వారం రోజులకు రాలిపోతుంది కాబట్టి, కొనేటప్పుడు చూడవలసింది కాండం అడుగుభాగాన్ని.

ముందుగా రకం సంగతి. పూజకూ జడలోకీ సువాసనగల పూలు కావాలనుకునేవారికి నాటు గులాబీని మించినది లేదు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, మన ఎండను తట్టుకుంటుంది. పొడవాటి కాడకు ఒక్కటే పెద్ద పువ్వు పూసే గ్లాడియేటర్, డబుల్ డిలైట్ వంటివి హైబ్రిడ్ టీ రకాలు. చూడముచ్చటగా ఉన్నా సేవ ఎక్కువ కోరుతాయి. గుత్తులుగా పూసే ఫ్లోరిబండా రకాలు వాటికంటే ఓర్పుగలవి. మొదటిసారి పెంచేవారు తెల్లని ఐస్‌బర్గ్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. చిన్న కుండీలకు మినియేచర్ రకాలు సరిపోతాయి.

అంటు మొక్క కొనేటప్పుడు అంటు కట్టిన ఉబ్బు గట్టిగా, పగుళ్లు లేకుండా ఉందో లేదో, దాని పైనుంచి కనీసం రెండు మూడు ఆరోగ్యమైన కొమ్మలు వచ్చాయో లేదో చూడాలి. కొమ్మల చివరలు నల్లబడి ఉన్నా, ఆకుల అడుగున సన్నని బూజు వంటి సాలెగూడు కనిపించినా, అది ఎంత పెద్ద పువ్వు పూసి ఉన్నా వదిలేయడమే మేలు. సాలెగూడు ఉందంటే ఆకుల రసం పీల్చే నల్లి పురుగు పట్టినట్లే.

మన ప్రాంతంలో నాటడానికి అక్టోబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం. రోజుకు ఆరు గంటలు, వీలైతే ఉదయపు ఎండ, తగిలే చోటు ఉండాలి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గల గొయ్యి తీసి, నీరు పోసి చూడండి. నల్లరేగడి నేలల్లో గంటల తరబడి నీరు అలాగే నిలిచి ఉంటే, గొయ్యిలో నాటే ఆలోచన మానుకుని, నేలకు అడుగు ఎత్తున మడి కట్టుకోవడం మంచిది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, గొయ్యికి రెండు గుప్పిళ్ల వేపపిండి చేర్చాలి. పచ్చి పేడ మాత్రం వద్దు, అది వేర్లను మాడ్చేస్తుంది.

చాలా మొక్కలు చనిపోయేది మట్టిముద్ద వల్ల. దూరం నుంచి లారీల్లో వచ్చే మొక్కల వేర్ల చుట్టూ జిగట మట్టిని గట్టిగా మెత్తి పంపుతారు. అది ఎండితే ఇటుకలా బిగుసుకుంటుంది. చుట్టూ ఎంత మంచి మట్టి వేసినా వేర్లు ఆ ముద్దను దాటి రాలేవు, పోసిన నీరు లోపలికి ఇంకదు. అందుచేత కవరు కోసిన తరువాత ముద్దను అరగంటసేపు బకెట్ నీటిలో ఉంచి, మెత్తబడిన పై పొరలను వేళ్లతో నెమ్మదిగా కరిగించాలి. లోపలి వేర్లు తెగకుండా మూడో వంతు మట్టి పోతే చాలు, మొత్తం కడిగేయనక్కరలేదు.

నాటేటప్పుడు అంటు కట్టిన ఉబ్బు మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి. దాన్ని మట్టిలో పూడ్చాలని చెప్పే వీడియోలు కనిపిస్తాయి. అది మంచు కురిసే దేశాలలో చలి నుంచి అంటును కాపాడే పద్ధతి. ఇక్కడ అలా చేస్తే తేమకు అంటు కుళ్లే ప్రమాదం ఉంది. ఆ ఉబ్బుకు కిందినుంచి వచ్చే కొమ్మ మీరు కొన్న రకానిది కాదు, అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కది. అది ఏపుగా పెరిగి పై మొక్క బలాన్ని లాగేస్తుంది కాబట్టి, కనిపించగానే మొదలంటా పీకేయాలి. మొక్కకూ మొక్కకూ మధ్య రెండున్నర అడుగుల ఎడం ఉంటే గాలి ఆడుతుంది.

సాయంత్రం నాటి, పాదు నిండా నీరు పోసి, మూడు నాలుగు రోజులు నీడ కల్పించండి. ఆ తరువాత పైమట్టి ఆరినప్పుడే, ఉదయం పూట, ఆకులు తడవకుండా మొదట్లో పోయాలి. రాత్రంతా తడిగా ఉండే ఆకులకు నల్లమచ్చ తెగులు తొందరగా వస్తుంది. నెల దాటి కొత్త చిగుళ్లు సాగేవరకు రసాయన ఎరువు జోలికి పోవద్దు. ఎండిన కొమ్మ కనబడితే పచ్చి భాగం వచ్చేదాకా కత్తిరించి, కోతకు బూజు తెగుళ్లను ఆపే కాపర్ ఆక్సీక్లోరైడ్ మందును ముద్దగా చేసి పూయాలి.

మొదటి విడత మొగ్గలను తుంచేస్తే మొక్క తన బలాన్ని వేర్లకు మళ్లిస్తుంది. ఇంట్లో వాళ్లు ఒక్క పువ్వైనా ఉంచమంటారు. ఉంచుకోవచ్చు, కాని ఒక్కటే.