రాతి మీద గాజుపువ్వు: ఉప్పునీటి ట్యాంకులో ఎనిమోన్ పీడ వదిలించుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ ఉప్పునీటి చేపల ట్యాంకులో ముందు మెచ్చుకున్నది రాతి మీది ఆ పువ్వునే. "పువ్వు బలేగుంది బావా, అత్తిపత్తి నాగ ముట్టుకుంటే ముడుసుకుపోతంది!" అంటూ మా బావమరిది వెదురు పుల్లతో రెండుసార్లు పొడిచి చూశాడు కూడా. నాకూ ముచ్చటగానే ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఒక్క పువ్వు ఇరవై అయింది. దాని పక్కనున్న కోరల్, అంటే పగడం, తెల్లబడి ముడుచుకుపోయింది. అది పువ్వు కాదని, ఎనిమోన్ అనే సముద్రజీవి అని, ఈ రకం పేరు ఐప్టేసియా అని నాకు అప్పుడు తెలిసింది.

పొలం పనులు తెలిసినవాళ్లకు ఒక్క మాట చాలు: ఇది తుంగ. పైన పీకితే కింద గడ్డ మిగిలి మళ్లీ మొలుస్తుంది కదా, ఐప్టేసియా కూడా అంతే. అడుగు భాగంలో చిన్న ముక్క రాతికి అంటుకుని ఉన్నా అదే కొత్త ఎనిమోన్ అవుతుంది. గీకితే, గిల్లితే, చిదిమితే మనమే నారు పోసినట్టు. అందుకే ముందు చేతులు కట్టుకుని చూడండి. ఏమిటో తేలాకే ముట్టుకోండి.

మొదట: ఇది అదేనా?

ట్యాంకులో మామూలుగా పీడించేవి రెండు. ఐప్టేసియాకు సన్నని కాడ, దాని మీద పొడవాటి మీసాలు ఉంటాయి. మీసాల చివర సూదిలా సన్నబడుతుంది. ఒళ్లు గోధుమ రంగులో, వెలుతురు సోకితే గాజులా కనబడుతుంది. ఎక్కువగా అంగుళం, రెండంగుళాల లోపే. చీకట్లో, ఫిల్టరు అరల్లో పెరిగినవి తెల్లగా పాలిపోయి ఉంటాయి. ముట్టుకుంటే చటుక్కున రాతి సందులోకి దూరిపోతుంది.

రెండోది మజానో. ఇది పొట్టిగా, గుబురుగా ఉంటుంది. మీసాల చివర ఉబ్బి గుండ్రంగా ఉంటుంది. ఆకుపచ్చ, గోధుమ రంగుల మీద ఒక్కోసారి గులాబీ మొనలు. అందంగా ఉంటుంది, అదే దాని మోసం. జనం ఇష్టపడి పెంచే బబుల్ టిప్ అనే ఎనిమోన్ పిల్ల అని పొరపడి పెంచుకునేవాళ్లున్నారు. అసలు బబుల్ టిప్ పెద్దదై విస్తరించి పరుచుకుంటుంది. మజానో రూపాయి బిళ్లంత అయ్యాక పక్కన ఇంకోటి, ఇంకోటిగా గుంపు కడుతుంది.

వీటిని పోలిన అమాయక జీవులు కూడా ఉన్నాయి. ఫెదర్ డస్టర్ పురుగు ఈకల విసనకర్రలా ఉండి, నీడ పడితే లోపలికి లాక్కుంటుంది. కానీ అది దాక్కున్నాక గొట్టం మాత్రం బయట కనబడుతూనే ఉంటుంది. ఐప్టేసియా ముడుచుకుంటే గొట్టం ఉండదు, గోధుమరంగు బొడిపె మిగులుతుంది. ఈ తేడా చూడకుండా నేను పాపం రెండు డస్టర్లను చంపాను.

ఇంకో సంగతి. మనకు పీడ అయిన ఈ ఐప్టేసియానే ప్రయోగశాలల్లో అపురూపంగా పెంచుతారు. కోరల్ కణాల్లో నాచు ఎలా కాపురం చేస్తుందో దీని ద్వారా చదువుతారు. 2015లో దీని జన్యుక్రమం కూడా బయటపెట్టారు. 

రెండోది: లెక్క, చోటు

రాత్రి దీపాలు ఆపిన గంటకు టార్చి వేసి చూడండి. ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో కాగితం మీద రాతి బొమ్మ గీసి చుక్కలు పెట్టుకోండి. పదిలోపు ఉంటే చేత్తో చేసే పని. అంతకు మించితే వాటిని తినే జీవుల సాయం కావాలి. ఒంటరిగా ఒక చిన్న రాయి మీదే ఉంటే ఇంకా తేలిక, ఆ రాయినే తీసేయొచ్చు.

మూడోది: సున్నం పెట్టడం

నాకు బాగా కలిసొచ్చిన పద్ధతి ఇదే. కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన సున్నమే. అలాగని ఏడురోడ్ల కూడలి దగ్గర కిళ్లీ బడ్డీలో డబ్బా కొనేయకండి. దాంట్లో ఏం కలిపారో మనకు తెలియదు. సంక్రాంతికి గోడలకు వేసేదీ వద్దు. కెమికల్ షాపుల్లో దొరికే శుద్ధమైన పొడి తీసుకోండి. గాలి తగిలిన కొద్దీ సున్నం సుద్దగా మారిపోతుంది కాబట్టి డబ్బా మూత గట్టిగా బిగించాలి.

చేతులకు తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకోండి. చిక్కటి సున్నపు నీళ్ల పీహెచ్ 12 దాటుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆర్‌ఓ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ టూత్‌పేస్టు అంత చిక్కగా కలపండి. ఇన్సులిన్ సిరంజి దీనికి పనికిరాదు, సూది మూసుకుపోతుంది. మందుల షాపులో 5 ఎం.ఎల్. సిరంజి, 18 గేజ్ సూది అడగండి. సూది బదులు గాలి పంపు గొట్టం ముక్క తగిలించినా సరే.

పంపులు, నీళ్లలో అలలు పుట్టించే వేవ్ మేకర్ ఆపి నీళ్లు కదలకుండా అయ్యాక చెయ్యి పెట్టండి. సిరంజి మొన మెల్లగా, నీడ పడకుండా పక్కనుంచి తీసుకెళ్లాలి. నేను ముందు చిన్న రొయ్య ముక్క అందిస్తాను. అది నోరు తెరిచి పట్టుకునే వేళకు సున్నం నోటి మీద, చుట్టూ ముద్దగా కప్పేస్తాను. కంగారుపడి గుచ్చితే లోపలికి పారిపోతుంది, ఆ రోజుకు ఇంక దొరకదు. పక్కన కోరల్ ఉంటే దాని మీద పడకుండా చూసుకోండి, కాలిపోతుంది. పావుగంట ఆగి పంపులు వేయండి. మిగిలిన తెల్ల ముద్దను తర్వాత గొట్టంతో లాగేయండి.

ఇక్కడ అత్యాశ వద్దు. నా 100 లీటర్ల ట్యాంకులో రోజుకు మూడింటికి మించి చేయను. సున్నం పీహెచ్‌ను పైకి తోస్తుంది. ఉండాల్సింది 8.1, 8.4 మధ్య. 8.5 దాటితే ఆ రోజుకు ఆపేయండి.

సున్నం దొరక్కపోతే నిమ్మరసం. గుడ్డలో వడకట్టి, ఇన్సులిన్ సిరంజితో కాడలోకి ఎక్కించాలి. పనిచేస్తుంది కానీ గురి కుదరాలి. మజానో కాడ పొట్టి కాబట్టి దానికి సున్నమే నయం.

నాలుగోది: తినేవాటిని తేవడం

పెప్పర్‌మింట్ రొయ్యలు చిన్న ఐప్టేసియాలను రాత్రిపూట తింటాయి. అయితే ఆ పేరుతో కేమెల్ రొయ్యను అంటగట్టేస్తుంటారు. వీపు మీద గూని, ఎర్ర ఒంటి మీద కొట్టొచ్చినట్టు తెల్లగీతలు, చుక్కలు ఉంటే అది కేమెల్. అది ఐప్టేసియా జోలికి పోదు, పైగా కోరల్ కొరుకుతుంది. పెప్పర్‌మింట్ ఒళ్లు పారదర్శకంగా, సన్నని ఎర్రచారలతో ఉంటుంది. రొయ్యలున్న ట్యాంకులో రాగి మందు ఎప్పుడూ వేయకండి. మేత కూడా తగ్గించండి, కడుపు నిండిన రొయ్య వేటకెళ్లదు.

బెర్గియా అనే గుల్ల లేని చిన్న సముద్రపు నత్త ఐప్టేసియా తప్ప ఇంకేదీ తినదు. నెలలు పడుతుంది. ఐప్టేసియాలు అయిపోగానే ఇది ఆకలితో చస్తుంది. మజానోను ముట్టదు. రొయ్యలతో కలిపి వేస్తే రొయ్యలే దీన్ని తినేస్తాయి. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప కూడా ఐప్టేసియాను తింటుంది గానీ దానికి పెద్ద ట్యాంకు కావాలి, చిన్న ట్యాంకు ఉన్నవాళ్లు మర్చిపోండి.

చేయకూడనిది ఒకటి

రాయిని మరిగించొద్దు. రాతి మీద జోయాంథిడ్లు, అంటే కోరల్‌కు చుట్టాలైన చిన్న పువ్వుల్లాంటి జీవులు, ఉంటే వాటిలో పేలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఆవిరితో పాటు లేచి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేస్తుంది. రాయిని శుభ్రం చేయాలంటే మంచినీళ్లలో ఓ రోజు ముంచి, తర్వాత వారాల తరబడి ఎండబెట్టండి. రోహిణి కార్తె అయితే మరీ మంచిది. కంపు మాత్రం భరించాలి, మేడ మీద పక్కింటికి దూరంగా పెట్టండి. దాని మీది మంచి బాక్టీరియా కూడా పోతుంది కనుక మళ్లీ వేసినప్పుడు కొత్త రాయిగానే లెక్క.

తీసేసిన ఎనిమోన్లను కళింగపట్నం వెళ్లి సముద్రంలో పారేయడం పుణ్యం కాదు. ఎక్కడివో తెలియని జీవులవి. మంచినీళ్లలో చంపి మట్టిలో పూడ్చేయండి. అక్కడి నుంచి రాళ్లు, కోరల్ తెచ్చుకోవడం కూడా కుదరదు. రాతి కోరల్‌ను 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంచారు.

మళ్లీ రాకుండా

ఐప్టేసియా నడిచి రాదు, మనమే తెస్తాం. నాకు వైజాగ్ స్నేహితుడు ఉచితంగా ఇచ్చిన ముక్కతో వచ్చింది. కొత్తది ఏదైనా వేరే చిన్న ట్యాంకులో నెలన్నర ఉంచి రోజూ చూడండి. కోరల్ మందు ద్రావణంలో ముంచినా ఐప్టేసియా చావదు, అందుకని కోరల్ అతికించిన పాత దిమ్మను కోసి పారేసి కొత్తదానికి అంటించండి. మిగిలిన మేత కుళ్లనీయకండి, అదే వాటికి బలం. నీళ్లు మార్చేటప్పుడు మెరైన్ సాల్టే వాడండి. నౌపాడ ఉప్పు పప్పులోకి బాగుంటుంది గానీ కోరల్‌కు కావలసిన కాల్షియం, మెగ్నీషియం దాంతో సరిపోవు.

మూడు నెలలపాటు వారానికోసారి టార్చి వేయండి. రాళ్లే కాదు, ఫిల్టరు అరలు, గొట్టాల మూలలు, పంపు మూత లోపల కూడా. నాకు చివరిది పంపు మూతలోనే, మినపగింజంత తెల్లగా దొరికింది.